చిట్టికి అందరం ఒకే మాట చెప్పాల్సి వచ్చింది

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఒకటో తరగతి పిల్లలతో అన్నేళ్ళు ఎలా వేగారండీ అని అడుగుతారు. పాఠాల గురించి అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. అక్షరాలు ఎవరైనా చెప్పగలరు, కాస్త ముందూ వెనకా అయినా పిల్లలకి వస్తాయి. నేను ఉద్యోగమంతా చేసింది వేరే పని. ఇంట్లో ఒకరు ఒకటి చెబుతారు, అంగన్‌వాడీలో ఇంకొకరు ఇంకొకటి చెబుతారు, బళ్ళో నేను మరొకటి చెబుతాను. ఈ మూడింటి మధ్యా పడ్డ పిల్లని ఒక దారిలో పెట్టడమే ఆ పని. దీనికి ట్రైనింగ్‌లో పాఠం లేదు, ఇన్‌స్పెక్షన్‌లో మార్కులూ లేవు. అందుకే బదిలీలూ ప్రమోషన్లూ పక్కన పెట్టి ఆ సంగతే రాస్తున్నాను.

సైకిలు స్టాండు

నా మొదటి ఉద్యోగం కపిలేశ్వరపురం వైపు, గోదావరి గట్టున ఒక చిన్న బళ్ళో. అక్కడి హెడ్మాస్టరుగారు మంచివారే. కాని ఏది తప్పో ఏది కాదో ఆయన దగ్గర ఏ రోజుకారోజు మారిపోయేది. నిన్న వరండాలో పరిగెత్తిన పిల్లవాణ్ణి చూసి నవ్విన మనిషి, ఇవాళ పరిగెత్తినవాడి చేత గోడకుర్చీ వేయించేవారు. కొత్తలో నాకు తల తిరిగిపోయేది. పిల్లలు మాత్రం ఆయన ఎప్పుడు నవ్వుతారో ఎప్పుడు కోప్పడతారో ముందే తెలిసినట్టు మసలుకునేవాళ్ళు. ఎలా తెలుస్తోందని రెండో తరగతి కుర్రాణ్ణి అడిగితే, “సైకిలు చూడండి టీచరుగారండీ” అన్నాడు.

ఆయన సైకిలుకి స్టాండు వేస్తే ఆ రోజు ఏం చేసినా ఫర్వాలేదు. గోడకి వాల్చి లోపలికి వచ్చారంటే ఇంట్లో ఏదో మాటా మాటా అయిందని లెక్క, ఆ రోజు నోరెత్తకూడదు. అది తెలిశాక నేనూ సెలవు అడగాలంటే స్టాండు వేసిన రోజు కోసం కాచుకుని కూర్చునేదాన్ని.

పిల్లలు చెప్పిన మాట వినరని మనం విసుక్కుంటాం. ఆ బడి పిల్లలంత బుద్ధిగా రూలు పాటించినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. కాకపోతే వాళ్ళు పాటించింది బడి రూలు కాదు, సైకిలు రూలు.

చిట్టి వచ్చింది

తొంభైల్లో కొత్తపేట దగ్గర కాలువ పక్కనున్న ఒక ఊరికి వచ్చాను. అక్కడ చాలా ఇళ్ళలో మగవాళ్ళు గల్ఫ్‌లో ఉండేవారు. చిట్టి వాళ్ళ నాన్న శ్రీను కూడా మస్కట్‌లో డ్రైవరు. తల్లి కుమారి కొత్తపేటలో ఒక టైలరు షాపులో జాకెట్లు కుట్టేది. ఇంటి పెత్తనం చిట్టి మామ్మ సత్యవతమ్మగారిది. శ్రీనుకి తల్లి ఆవిడ. రెండు గేదెలూ, పది కొబ్బరి చెట్లూ, ఊళ్ళో ఎవరూ ఎదురు చెప్పలేని గొంతూ ఆవిడకి ఉండేవి.

బళ్ళో చేర్చిన రోజు ఆవిడే చిట్టిని చంకనేసుకుని తీసుకొచ్చారు. అయిదేళ్ళ పిల్ల, రెండు జడలు, కాటుక, ఎవరినైనా సరే నేరుగా చూసే కళ్ళు. నేలమీద కూర్చోమ్మా అన్నాను. “మా మామ్మ నేల మీద కూచోవద్దంది” అంది. మామ్మ అప్పటికే గేటు దాటి వెళ్ళిపోయారు. సరే, మొదటి రోజు కదా అని నా కుర్చీ పక్కన స్టూలు వేయించాను. ఆ స్టూలు మీద నుంచి ఆ పిల్ల దసరా దాకా దిగలేదు.

తరవాత ఒక్కొక్కటే వచ్చాయి. మిగిలిన పిల్లలు వరసలో నిలబడితే చిట్టి నిలబడదు, మామ్మ ఎండలో నిలబడొద్దంది. శనివారం బలపం పట్టుకోదు. మామ్మ శనివారాలు వాడపల్లి వెంకన్నకి ఉపవాసం ఉంటారన్న మాట నిజమే. కాని ఆ రోజు చిట్టి బలపం పట్టుకుంటే మస్కట్‌లో నాన్నకి జ్వరం వస్తుందని ఆ పిల్ల చెప్పినప్పుడు నేను నమ్మానంటే, దానికి కారణం చిట్టి కాదు, సత్యవతమ్మగారి గొంతు. ఆవిడతో తగవు పెట్టుకునేకంటే శనివారం ఒక పిల్ల రాయకపోతే కొంప మునగదులే అనుకున్నాను.

మా బళ్ళో ఒకటో తరగతి పిల్లల్ని మధ్యాహ్నం భోజనాల వేళకి పంపేసేవాళ్ళం. ఆ వేళకి కుమారి కొత్తపేటలో, మామ్మ గేదెలతో చేలో ఉండేవారు. అందుకని చిట్టి మా ఆవరణలోనే ఉన్న అంగన్‌వాడీకి వెళ్ళి, సాయంత్రం తల్లి వచ్చేదాకా అక్కడ ఉండేది. అంగన్‌వాడీ కార్యకర్త పేరు భాగ్యం. ఓపికైన మనిషి. అయితే భాగ్యానికీ సత్యవతమ్మగారికీ మూడేళ్ళుగా మాటల్లేవు. చిట్టి చిన్నప్పుడు పిల్లలందరినీ తూకం వేసిన రోజున, భాగ్యం పదిమందిలో “బరువు తక్కువుందండి” అంది. రెండు గేదెలున్న ఇంటి పిల్ల బరువు తక్కువ ఎలా అవుతుందని ఆవిడకి పట్టరాని కోపం వచ్చింది. ఆనాటి నుంచి అంగన్‌వాడీ ఉన్న వైపు కూడా ఆవిడ చూడరు. మనవరాలు రోజూ మధ్యాహ్నం అక్కడే ఉంటోందన్న సంగతి ఆవిడకి తెలుసు, తెలియనట్టు ఉండేవారు.

పేలు

మొదటి మూడు నెలల పరీక్షలు అయ్యేసరికి చిట్టి తలలో పేలు పడ్డాయి. పక్కన కూర్చునే నా తల్లో కూడా. ఆదివారం తలంటి పొయ్యమని, వేపాకు నూరి పెట్టమని కుమారితో కబురు చేశాను. మర్నాడు పొద్దున్న బెల్లు కొట్టకముందే సత్యవతమ్మగారు వచ్చేశారు. వరండాలో నిలబడి, కోపం వచ్చినా మర్యాద తప్పకుండా అడిగారు.

“పంతులమ్మగారండీ, మీరు చదువుకున్నోరు. తలంటొద్దని మీరే చెప్పి, మళ్ళీ మీరే పేలు పడ్డాయంటే మేం ఏం చెయ్యాలండి?”

నేను ఎప్పుడు వద్దన్నానండీ అన్నాను.

“తలంటుకుంటే అంకెలు కొట్టుకుపోతాయన్నారంట గదండి. పిల్ల మొదటి వారమే చెప్పింది. చదువు పోతుందని నేను చుక్క నూనె కూడా తలకి రాయలేదండి.”

నేను శనివారం సంగతి అడిగాను. ఆ మాట తను ఎన్నడూ అనలేదన్నారు ఆవిడ. అలా ఇద్దరం వరండాలో నిలబడి ఒకరికొకరం చెప్పుకుంటూ పోతే చిట్టి రాజ్యాంగం అంతా బయటపడింది. దాని ప్రకారం కాకరకాయ తినకూడదని నేను చెప్పాను. ఇంటి దగ్గర పలక తియ్యకూడదని కూడా నేనే చెప్పాను. స్టూలు మీదే కూర్చోవాలని ఆవిడ చెప్పారు. పిల్ల నోటి వెంట వచ్చినవన్నీ ఆవిడ నా మాటలని గౌరవించారు, ఆవిడ మాటలని నేను భయపడ్డాను.

భాగ్యాన్ని పిలిచి అడిగితే అక్కడ ఇంకో శాఖ తేలింది. మధ్యాహ్నం నిద్రపోతే పొద్దున్న చదివింది మరిచిపోతుందని టీచరుగారు అన్నారట. అందుకని మిగిలిన పిల్లలు పడుకుంటే చిట్టి కూర్చుని భాగ్యం చేత కథలు చెప్పించుకునేది. “రోజుకో కొత్త కథ చెప్పాలండి, పాతది చెప్తే మీకు చెప్తానంటుందండి” అంది భాగ్యం. ఆ మనిషి నా భయంతో కథలు అల్లుతోంది.

ముగ్గురం నవ్వుకుంటే బాగుండేది. నవ్వలేదు. సత్యవతమ్మగారు భాగ్యం వైపు చూడకుండా, అక్కడ ఉంచబట్టే పిల్ల పాడైందని నాతో అన్నారు. భాగ్యం ఆవిడ వైపు చూడకుండా, ఇంట్లో ముద్దు ఎక్కువైందని నాతోనే అంది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. నా తరగతి వరకు నేను గట్టిగా ఉంటే చాలనుకుని, ఆ రోజే చిట్టిని స్టూలు మీద నుంచి దింపాను.

ఒక్క చోట గట్టిగా ఉంటే సరిపోదని అప్పుడు నాకు తెలియదు. బళ్ళో దింపిన పిల్ల అంగన్‌వాడీలో పీట ఎక్కింది. ఇంట్లో అన్నం తినాలంటే కొబ్బరి చెట్ల మధ్య పరుగు మొదలెట్టింది. ముందు పిల్ల, వెనక కంచం పట్టుకుని మామ్మ, వాళ్ళ వెనక దూడ. వీధిలో వెళ్ళేవాళ్ళు నిలబడి చూసేవారట.

రేవు దగ్గర

మా బడి వెనక దారి దాటితే పంట కాలువ, దానికి రాతి మెట్ల రేవు. శుక్రవారం శుక్రవారం నేను పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి పలకలు కడిగించేదాన్ని. పలక తళతళలాడేలా కడిగినవాళ్ళని మెచ్చుకునేదాన్ని కూడా.

ఒక మధ్యాహ్నం రెండో తరగతికి పాఠం చెబుతుంటే భాగ్యం గుమ్మంలోకి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు. చిట్టి కనబడటం లేదు, అంగన్‌వాడీలోని రెండేళ్ళ బాబ్జీ కూడా కనబడటం లేదు. కట్టెలు దింపిన బండివాడు గేటు తీసి వెళ్ళిపోయాడు. ఆ వేళకి భాగ్యం పసిపిల్లల్ని పడుకోబెడుతోంది. ఇద్దరం మాట్లాడకుండా ఒకే వైపు పరిగెత్తాం.

రేవులో నీటికి పై మెట్టు మీద చిట్టి గొంతుక్కూర్చుని పలక కడుగుతోంది. ఎడం చేత్తో బాబ్జీ చెయ్యి పట్టుకుంది. బాబ్జీ ఒక కాలు నీళ్ళలో పెట్టి ఆడుతున్నాడు. కాలువ నిండుగా పారుతోంది. నేను కేక వెయ్యబోయాను, గొంతు రాలేదు. రానందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను, ఉలిక్కిపడి ఇద్దరూ జారేవాళ్ళు. భాగ్యం కాళ్ళు కడుక్కోవడానికి వచ్చినట్టు మెల్లిగా మెట్లు దిగింది, బాబ్జీ పక్కన కూర్చుని నడుం చుట్టూ చెయ్యి వేసింది. నేను వెనక నుంచి వెళ్ళి చిట్టిని పట్టుకున్నాను. ఆ తరవాత ఇద్దరం ఆ మెట్ల మీదే కూలబడ్డాం.

అంతలో అవతలి చేలోంచి చూసిన సత్యవతమ్మగారు గేదెల్ని వదిలేసి వచ్చేశారు. వస్తూనే పిల్లని కొట్టడానికి చెయ్యెత్తారు. చిట్టి ఆశ్చర్యంగా చూసింది. ఆ పిల్లకి తప్పు చేశానన్న ఊహే లేదు.

“ఒక్కదాన్నే వెళ్ళొద్దు, చెయ్యి పట్టుకుని వెళ్ళమన్నావు గదా మామ్మా. బాబ్జీ చెయ్యి పట్టుకున్నాను. గేటు తియ్యొద్దని భాగ్యమత్త చెప్పింది, నేను తియ్యలేదు, తీసే ఉంది. పలక కాలవలో కడిగితే మంచిపిల్లని టీచరుగారన్నారు.”

సత్యవతమ్మగారు ఎత్తిన చెయ్యి దించేశారు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిల్ల మా ముగ్గురి మాటా విన్నది. మా ముగ్గురి మాటా కలిపితే కాలువ దాకా వెళ్ళింది.

వరండాలో పంచాయితీ

ఆ సాయంత్రం కుమారి కొత్తపేట నుంచి రాగానే నలుగురం బడి వరండాలో కూర్చున్నాం. సత్యవతమ్మగారు బెంచీ మీద ఆ చివర, భాగ్యం ఈ చివర. ఇద్దరి మధ్యా కుమారి పట్టేంత చోటే ఉన్నా మాటలు మాత్రం నా మీదుగా నడిచాయి. గేటుకి తాళం వెయ్యమని ఆవిడతో చెప్పండి అని సత్యవతమ్మగారు, పిల్లకి పూటపూటా మాట మార్చొద్దని ఆవిడతో చెప్పండి అని భాగ్యం. నేను పోస్టుమాన్ పని చేస్తూ పోయాను.

నా మనసులో పన్నెండో పదమూడో రూళ్ళు ఉన్నాయి. నాలుగో రూలు చెప్పేసరికి అంతవరకు నోరు విప్పని కుమారి అడ్డొచ్చింది. “అన్ని వద్దండి టీచరుగారు. మాకు గుర్తుండేవి పెట్టండి. మేం మర్చిపోతే అది కనిపెట్టేస్తదండి” అంది. అది నిజం. ఆ మాట మీద మూడింటికి దిగాం.

మొదటిది, పెద్దవాళ్ళు లేకుండా కాలువ వైపు వెళ్ళకూడదు. అందరూ సరేనన్నారు. ఎందుకైనా మంచిదని చిట్టిని పిలిచి, పెద్దవాళ్ళంటే ఎవరమ్మా అని అడిగాను. “మూడో తరగతోళ్ళు” అంది.

మళ్ళీ మొదటికి వచ్చాం. వయసు చెబితే పిల్లకి తెలియదు. పొడుగు చెబితే మూడో తరగతిలో ఒక కుర్రాడు భాగ్యమంత ఉన్నాడు. చివరికి సత్యవతమ్మగారే తేల్చారు. చీర గాని, పంచె గాని, లుంగీ గాని కట్టుకున్నవాళ్ళు పెద్దవాళ్ళు. భాగ్యం నాతో, తన తమ్ముడికి పాతికేళ్ళని, ఇంకా నిక్కరు మీదే తిరుగుతాడని అంది. సత్యవతమ్మగారు గభాల్న భాగ్యం వైపు తిరిగి, “నిక్కరేసుకుని ఊరంతా తిరిగేవోడు పెద్దోడెలా అవుతాడే?” అన్నారు. “అదీ నిజమేలెండి అత్తయ్యగారు” అంది భాగ్యం. మూడేళ్ళ తరవాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. కుమారి మొహం అటు తిప్పుకుని నవ్వుకుంది.

రెండోది, అన్నం ఒకచోట కూర్చుని తినాలి. లేస్తే కంచం తీసేస్తారు, వెంటపడరు, పోలీసులొస్తారని బెదిరించరు. మూడోది మా పెద్దవాళ్ళకి. చిట్టి తెచ్చే కబుర్లు చెల్లవు. ఒకరితో ఒకరికి పనుంటే నడిచి వెళ్ళి చెప్పుకోవాలి. నా లెక్కలో మూడింట్లోకీ కష్టమైంది ఇదే, ఎందుకంటే నడవాల్సింది సత్యవతమ్మగారు, నడవాల్సింది అంగన్‌వాడీకి.

రూళ్ళు పెట్టుకోవడం తేలిక. మర్నాడు పొద్దున్నే ఇంట్లో చిట్టి రెండు ముద్దలు తిని లేచింది. కుమారి కంచం తీసేసింది. మధ్యాహ్నం భాగ్యం తీసేసింది. సత్యవతమ్మగారు మూడుసార్లు బడికి వచ్చారు. మొదటిసారి పిల్ల ఎలా ఉందో చూడ్డానికి. రెండోసారి, వెంటపడటం వద్దన్నాం గాని పిల్లే తన ముందు నుంచి వెళుతుంటే నోట్లో ఒక ముద్ద పెట్టొచ్చా అని అడగడానికి. మూడోసారి ఏమీ అడగలేదు, వరండాలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. తనకి కూడా పొద్దుటి నుంచి తిండి సయించలేదట. భాగ్యం గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చిట్టి తనంతట తనే పీట వేసుకుని కూర్చుని, అప్పడాలు లేవా అని అడిగిందట.

ఆఫీసరుగారి ప్యాంటు

ఆ రోజుల్లో మా మండలానికి కొత్తగా ఒక విద్యాధికారిగారు వచ్చారు. పిల్లలకి పాఠాలు ప్రకృతిలో చెప్పాలన్నది ఆయన పట్టుదల. మంచి ఆలోచనే. కాని ఆయన ఎక్కడికి వెళ్ళినా అక్కడి పద్ధతి అడగరు, తన పద్ధతి మొదలెడతారు. మా బడికి స్కూటరు మీద వచ్చి, నేను లేచి నమస్కారం పెట్టేలోపే, పదండి పిల్లలూ కాలువలో బాతుల్ని చూద్దాం అన్నారు. తరగతి మొత్తం లేచింది. చిట్టి కూర్చునే ఉంది. లేచినవాళ్ళు ఆ పిల్లని చూసి ఒక్కొక్కరే కూర్చున్నారు.

నువ్వు రావా పాపా అని ఆయన ముద్దుగా అడిగారు.

“పెద్దోళ్ళు లేకుండా రాకూడదండి.”

“మరి నేనెవరిని?”

చిట్టి ఆయన్ని కిందినుంచి పైకి చూసింది. “మీరు ప్యాంటండి” అంది.

ఆయన నా వైపు చూశారు. నేను సంగతంతా విన్నవించుకున్నాను. పరువు మీద పట్టింపున్న మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. చివరికి చీర కట్టుకున్న నేను ముందు నడిస్తే, పిల్లలు నా వెనక, ఆయన పిల్లల వెనక బాతులు చూడ్డానికి వెళ్ళాం. ఆ తరవాత మండల సమావేశాల్లో నేను కనబడితే చాలు, మీ పిల్ల నన్ను పెద్దవాణ్ణి చేసిందా అని అడిగేవారు. చేసింది కూడా. ఆ సాయంత్రమే మేం నలుగురం మళ్ళీ కూర్చుని ప్యాంట్లని చేర్చాం. మర్నాడు మూడు చోట్లా చిట్టికి ఒకే మాట వినబడింది. రూలు మార్చుకోవడంలో తప్పు లేదు, అందరూ ఒకేసారి మార్చుకోవాలి.

కొత్త టీచర్లకి నేను చెప్పగలిగింది కూడా ఇంతే. తల్లిదండ్రుల్ని మీటింగుకి పిలిచి ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినరు, నేను ఇచ్చి చూశాను. మామ్మల దగ్గరికి మీరే నడవండి. వాళ్ళింట్లో మీ పేరు మీద ఏ శాసనాలు నడుస్తున్నాయో నవ్వుతూ అడగండి. ఆయాలనీ అంగన్‌వాడీవాళ్ళనీ మీకంటే చిన్న ఉద్యోగులని చూడకండి, మీ దగ్గర కంటే వాళ్ళ దగ్గరే పిల్ల ఎక్కువసేపు ఉంటుంది. అబద్ధాలాడుతోందని పిల్లని తిట్టకండి. మనం ఒకళ్ళతో ఒకళ్ళం మాట్లాడుకోకపోతే ఆ ఖాళీలో ఏ పిల్లయినా ఏదో ఒకటి చెబుతుంది. చిట్టి కాస్త తెలివైంది కాబట్టి బాగా చెప్పింది.

శ్రీను సెలవు

అంతా గాడిన పడిందనుకున్న సమయంలో శ్రీను మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. మంచి మనిషి. పెట్టెనిండా చాక్లెట్లూ, కీ ఇస్తే చప్పట్లు కొట్టే కోతిబొమ్మా తెచ్చాడు. వచ్చిన వారానికి సత్యవతమ్మగారు అంగన్‌వాడీలోంచి భాగ్యాన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఫిర్యాదు కొడుకు మీద. పిల్లని భుజాల మీద ఎక్కించుకుని కొబ్బరి చెట్ల మధ్య తిరుగుతూ అన్నం పెడుతున్నాడట. “వాణ్ణి పిలిచి మీరు నాలుగు చీవాట్లు పెట్టండి పంతులమ్మగారు. నా మాట వినడండి” అన్నారు. కిందటి ఏడాది అదే చెట్ల మధ్య కంచం పట్టుకుని పరిగెత్తింది ఆవిడే.

శ్రీను వచ్చాడు, వెనక కుమారి. కుర్చీ వెయ్యబోతే వద్దండని చిట్టి ఒకప్పటి స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. నేను చెప్పినదంతా తల వంచుకుని విన్నాడు. తరవాత మెల్లిగా అన్నాడు.

“రెండేళ్ళకోసారి వస్తానండి. మొన్న దిగినప్పుడు నన్ను చూసి మామ్మ వెనకాల దాక్కుందండి. ఇప్పుడే కాస్త దగ్గరకొస్తోంది. ఉన్న రెండు నెల్లూ నేను కూడా వద్దు, కూడదు అంటే, దానికి నాన్నంటే ఏం గుర్తుంటదండి?”

ఇన్నేళ్ళ సర్వీసులో చాలామంది తండ్రులకి చాలా చెప్పాను గాని, ఆ మనిషికి ఏం చెప్పాలో తోచలేదు. అతనికి జవాబు చెప్పింది కుమారి.

“నేను రోజూ కంచం తీసేస్తానండి. అయినా రాత్రి నా పక్కలోకే వస్తది. మీరు తీసినా వస్తదండి.”

మర్నాడు పొద్దున్న చిట్టి రెండు ముద్దలకే లేచి, భుజం మీద ఎక్కించుకోమని చేతులు చాపింది. శ్రీను కంచం తీసేశాడు. తీశాడు గాని తను కూడా తినలేక చెయ్యి కడిగేసుకున్నాడని కుమారి చెప్పింది. పిల్ల పెరడంతా ఒంటరిగా ఓ చుట్టు తిరిగి, వచ్చి అతని తొడ మీద తల పెట్టుకుని పడుకుందట. ఆ మధ్యాహ్నం ఇద్దరూ పీటలు వేసుకుని ఎదురెదురుగా తిన్నారు. అతని సెలవు ముగిసేదాకా అలాగే తిన్నారు.

మళ్ళీ మస్కట్ వెళ్ళాక శ్రీను ఒక క్యాసెట్ రికార్డు చేసి ఊరివాళ్ళెవరో వస్తుంటే పంపించాడు. అప్పట్లో ఫోను ఖరీదు, అందరూ క్యాసెట్లే పంపుకునేవారు. దాంట్లో ముందు చిట్టితో మాట్లాడతాడు, కూచుని తింటన్నావా అమ్మా, కాలవ కేసి వెళ్ళట్లేదు గదా అని. తరవాత కుమారితో, చివర తల్లితో, గేదెలు ఎలా ఉన్నాయమ్మా అని. భోజనాల వేళకి సత్యవతమ్మగారు రోజూ ఆ క్యాసెట్ పెట్టేవారు. తండ్రి అడిగిన ప్రతిదానికీ చిట్టి, ఆయ్ నాన్నా, తింటన్నాను నాన్నా అని టేప్‌రికార్డరుకి జవాబు చెప్పేది.

ఒక సాయంత్రం కుట్టడానికిచ్చిన జాకెట్టు కోసం వాళ్ళింటికి వెళ్ళాను. కరెంటు పోయింది. లాంతరు వెలుగులో చిట్టీ కుమారీ అన్నం ముందు కూర్చున్నారు. సత్యవతమ్మగారు వడ్డించి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ ఎప్పుడూ అందరూ తిన్నాక, వంటింట్లో నిలబడే నాలుగు మెతుకులు తినేవారని ఊళ్ళో అందరికీ తెలుసు. టేప్‌రికార్డరు పలకలేదు. చిట్టి కాసేపు దాని వంక చూసి, గొంతు లావు చేసుకుని తండ్రి మాటలు తనే మొదలెట్టింది. తనతో తనే మాట్లాడింది, తనే ఆయ్ అంది. తల్లితో మాట్లాడింది. ఆఖరికి అదే తండ్రి గొంతుతో గుమ్మం వైపు తిరిగింది.

“అమ్మా, నువ్వు తిన్నావా? నిలబడి తినకు. నువ్వు కూడా కూచుని తిను.”

సత్యవతమ్మగారు గోడకి ఆనించి ఉన్న పీట తీసి మనవరాలి పక్కన వేసుకున్నారు. “ఆయ్, కూచుంటన్నానురా” అన్నారు. కుమారి లేచి ఆవిడకి అన్నం వడ్డించింది.